బీరువాలోని చిన్న డిజిటల్ కెమెరాను మళ్లీ వాడుకోవడం ఎలా?

"ఇల్లు సర్దుతుంటే పాత డిజిటల్ కెమెరా దొరికింది. ఆన్ అయితే అవుతోంది గానీ ఫొటోలు మసగ్గా వస్తున్నాయి, ఏం చేయాలి?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే మొత్తం ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది. కొత్తగా కొన్నవాళ్లకూ ఇది పనికొస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకైతే మరీను, వాళ్ల చేతికి మాన్యువల్ పుస్తకం రాదు కదా.

నేను చెప్పేది జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరా గురించి. లెన్స్ ఊడదీయడానికి రానిది, ఆన్ చేయగానే లెన్స్ ముందుకు పొడుచుకొచ్చేది. కెనాన్ ఇక్సస్, సోనీ సైబర్‌షాట్, నికాన్ కూల్‌పిక్స్, ప్యానసానిక్ ల్యూమిక్స్, ఏదైనా సరే. మెనూలో పేర్లు కాస్త అటూ ఇటూగా ఉంటాయి గానీ పద్ధతి ఒకటే.

ఫోన్‌కు అలవాటు పడ్డవాళ్లు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. మనం ఒక్కసారి నొక్కితే ఫోన్ నాలుగైదు ఫొటోలు తీసి, వాటిని కలిపి, చీకటిని తనే సరిచేసి ఇస్తుంది. ఈ పాత కెమెరా అలా చేయదు. చెప్పింది చేస్తుంది, అంతే. ఆ చెప్పడమెలాగో ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కెమెరా, దాని బ్యాటరీ, చార్జర్. చార్జర్ పోయి ఉంటే బ్యాటరీ మీద ఉన్న నంబరు (ఎన్‌బీ-6ఎల్, ఎన్‌పీ-బీజీ1, ఈఎన్-ఈఎల్19 లాంటిది) చూసి ఆ నంబరుకు సరిపోయేదే అడగండి. "చూడ్డానికి ఒకేలా ఉంది" అని వేరేది తీసుకోవద్దు.
- మెమరీ కార్డు, కార్డు రీడర్.
- కళ్లద్దాలు తుడుచుకునే మెత్తని గుడ్డ.
- టైము సరిగ్గా చూపించే ఫోన్. ఎందుకో మూడో మెట్టులో చెప్తాను.

1. బ్యాటరీ

బ్యాటరీని బల్ల మీద పెట్టి వేలితో మెల్లిగా తిప్పి చూడండి. గిరగిరా తిరిగిందంటే మధ్యలో ఉబ్బిందన్నమాట. ఉబ్బినదాన్ని చార్జింగ్ పెట్టొద్దు, కెమెరాలోకి తోయొద్దు, గుచ్చొద్దు, ఇంటి చెత్తలో వేయొద్దు. ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇచ్చేయండి. ఉబ్బకపోతే దాని రాగి పలకలను పొడి గుడ్డతో తుడిచి పూర్తిగా చార్జ్ చేయండి. మొదటిసారి చార్జింగ్ పెట్టినప్పుడు ఎదురుగా ఉండండి, రాత్రి పెట్టేసి పడుకోవద్దు.

పెన్సిల్ సెల్స్ వేసే కెమెరా అయితే గోడ గడియారంలో వేసే మామూలు సెల్స్ పనికిరావు. నాలుగు ఫొటోలు తీయకముందే బ్యాటరీ అయిపోయిందంటుంది. అందరూ కెమెరా పాడైందనుకునేది ఇక్కడే. రీచార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ నాలుగు కొనుక్కోండి, రెండు కెమెరాలో, రెండు జేబులో. ఏళ్ల తరబడి లోపలే ఉండిపోయిన ఆల్కలైన్ సెల్స్ కారి తెల్లటి పొడి పట్టి ఉంటే చేతికి గ్లౌజు వేసుకుని, దూదిపుల్లకు ఒక చుక్క వెనిగర్ అద్ది తుడిచి, బాగా ఆరనిచ్చాకే కొత్తవి వేయండి.

విదేశాల నుంచి తెచ్చుకున్న చార్జరైతే దాని మీద ఇన్‌పుట్ 100-240 వోల్ట్‌లు అని ఉందేమో చూడండి. ఉంటే మన దగ్గర వాడుకోవచ్చు, ప్లగ్గు మార్చే అడాప్టర్ ఒక్కటి చాలు.

2. కార్డు: ఫార్మాట్ కొట్టే ముందు ఆగండి

పాత కార్డును కెమెరాలో పెట్టగానే ఫార్మాట్ చేయమని, అంటే అందులో ఉన్నదంతా చెరిపేయమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. ముందు అందులో ఏముందో చూడాలి.

మా కెమెరా 8 మెగాపిక్సెళ్లది, 2008 దసరాకి కొన్నది. పదేళ్లకు పైగా బీరువాలోనే ఉండిపోయింది. మొన్నామధ్య కార్డు తీసి చూస్తే అందులో మా అమ్మమ్మ ఉంది. పెరటి మెట్టు మీద కూర్చుని, ముందు చాట పెట్టుకుని, చింతపండులో గింజలు తీస్తోంది. వేళ్లకు పీచు అంటుకుని ఉంది. కళ్లద్దాలు ముక్కు చివరికి జారి, వాటి మీదుగా కెమెరావైపు చూస్తోంది. అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆ ఫొటో ఇంకెవరి దగ్గరా లేదు కూడా. అలవాటు ప్రకారం ఫార్మాట్ కొట్టేసి ఉంటే ఏమయ్యేదోనని తలుచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది.

కాబట్టి మొదట కార్డును రీడర్‌లో పెట్టి, డీసీఐఎమ్ అనే ఫోల్డర్‌ను మొత్తంగా కంప్యూటర్లోకి కాపీ చేయండి. తర్వాత కార్డు తీసేసి, ఖాళీ కెమెరాను ఆన్ చేసి ప్లే బటన్ నొక్కండి. చాలా కెమెరాల్లో కొద్దిపాటి సొంత మెమరీ ఉంటుంది. కార్డు లేకుండా ఎప్పుడో తీసిన పదీ పదిహేను ఫొటోలు అందులో ఉండిపోతాయి, ఎవరికీ గుర్తు ఉండదు. అవి కార్డు పెట్టినప్పుడు కనిపించవు. మెనూలో కార్డుకు కాపీ చేసే ఆప్షన్ ఉంటుంది.

కార్డు సరిపోవడం లేదా? ఈ లెక్క చూసుకోండి. మీద ఉత్త ఎస్‌డీ అని ఉంటే 2 జీబీ వరకు. ఎస్‌డీహెచ్‌సీ అంటే 4 నుంచి 32 జీబీ. ఎస్‌డీఎక్స్‌సీ అంటే 64 జీబీ, ఆ పైన. ఎస్‌డీహెచ్‌సీ వచ్చింది 2006లో, ఎస్‌డీఎక్స్‌సీ 2009లో. కెమెరా తన కాలం దాకా వచ్చిన కార్డులనే చదవగలదు, ఆ తర్వాత వచ్చిన రకాలను చదవలేదు. 2004 నాటి కెమెరాలో 32 జీబీ కార్డు పెడితే కార్డు ఎర్రర్ అనే వస్తుంది, తప్పు కార్డుదీ కాదు, కెమెరాదీ కాదు. సందేహంగా ఉంటే 2 జీబీ ఎస్‌డీ కార్డు వెతికి పట్టుకోండి. పాత సోనీల్లో మెమరీ స్టిక్ డ్యూయో, పాత ఒలింపస్, ఫ్యూజీల్లో ఎక్స్‌డీ కార్డు పట్టేవి. అవి ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతాయి. కెమెరా కొనే ముందే కార్డు కూడా ఇస్తున్నారా అని అడగండి.

పెద్ద కార్డు కోసం పాకులాడొద్దు. 8 మెగాపిక్సెళ్ల ఫొటో సుమారు 3 ఎంబీ ఉంటుంది. 4 జీబీ కార్డులో వెయ్యికి పైగా పడతాయి.

అన్నీ కాపీ అయ్యాయని, కంప్యూటర్లో తెరుచుకుంటున్నాయని చూసుకున్నాక అప్పుడు ఫార్మాట్ చేయండి. కంప్యూటర్లో కాదు, కెమెరా మెనూలోనే చేయాలి. కెమెరా తనకు కావలసిన ఫోల్డర్లు తనే కట్టుకుంటుంది. కార్డు లాక్ అయిందని వస్తే కార్డు ఎడమ పక్కన ఉన్న చిన్న మీటను రాగి పలకల వైపు పైకి జరపండి.

3. తేదీ, టైము

అందరూ దాటేసే మెట్టు ఇదే. నేను ఎక్కువగా బతిమాలేదీ దీని గురించే.

అమ్మమ్మ ఫొటో మీద ఉన్న తేదీ 2008 జనవరి 1. కెమెరా కొన్నదే ఆ ఏడాది దసరాకి. అంటే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి, తేదీ మళ్లీ మొదటికొచ్చి, ఎవరూ సరిచేయకుండా తీసిన ఫొటో అది. అది 2009 వేసవా, 2011 వేసవా అని మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. పెద్దమ్మ ఒకటంటుంది, మా అమ్మ ఇంకొకటి అంటుంది. అర నిమిషం పెట్టి తేదీ సరిచేసి ఉంటే సరిపోయేది.

చేయాల్సింది ఇది: మెనూలో స్పానర్ బొమ్మ ఉన్న పేజీలో తేదీ, టైము ఆప్షన్ ఉంటుంది. ఫోన్ చూస్తూ నిమిషం దాకా సరిచేయండి. రోజు ముందా, నెల ముందా అన్నది తప్పక గమనించండి. అమెరికా పద్ధతిలో ఉన్న కెమెరాలో 03/08 అంటే మార్చి 8, ఆగస్టు 3 కాదు. టైమ్ జోన్ అడిగితే ఢిల్లీ లేదా కోల్‌కతా, ప్లస్ 5:30. విదేశాల్లో ఉండి సెలవులకు ఇంటికి వచ్చేవాళ్లు గడియారాన్ని చేత్తో మార్చకుండా, హోమ్, వరల్డ్ అని ఉండే ఆప్షన్‌లో వరల్డ్‌కు ఢిల్లీ పెట్టుకుని మార్చుకుంటే చాలు. తిరిగి వెళ్లాక ఒక్క నొక్కుతో పాత టైము వచ్చేస్తుంది.

తేదీ సరిచేశాక బ్యాటరీని ఒకరోజు కెమెరాలోనే ఉంచండి. లోపల తేదీని గుర్తుంచుకునే చిన్న బ్యాటరీ ఉంటుంది, చాలా కెమెరాల్లో అది పెద్ద బ్యాటరీ నుంచే చార్జ్ అవుతుంది. ఒకరోజు ఉంచినా, బ్యాటరీ తీసిన కాసేపటికే తేదీ పోతుంటే ఆ చిన్నది చచ్చిపోయిందని అర్థం. ఫొటోలకు నష్టం లేదు, బ్యాటరీ మార్చిన ప్రతిసారీ తేదీ పెట్టుకోవాలి.

పెళ్లికో గృహప్రవేశానికో వెళ్తుంటే ఒక పని చేయండి. మొదటి ఫొటోగా మీ ఫోన్‌లో గడియారం కనిపించే స్క్రీన్‌ను తీయండి. కెమెరా టైము తప్పు ఉన్నా ఎంత తేడా ఉందో తర్వాత తెలిసిపోతుంది. బాబాయి కెమెరాలో ఫొటోలు, మీ కెమెరాలో ఫొటోలు ఒకే ఫోల్డర్‌లో కలిపినప్పుడు తలంబ్రాల తర్వాత జీలకర్ర బెల్లం రాకుండా ఉంటుంది.

తేదీని ఫొటో మూలన నారింజ రంగులో ముద్రించే ఆప్షన్ మాత్రం ఆపేయమంటాను. అది ఫొటోలో కలిసిపోతుంది, మళ్లీ తీయలేం. పైగా తేదీ తప్పయితే ఆ తప్పు కూడా ఎప్పటికీ ఉండిపోతుంది. ఫైల్ లోపల తేదీ ఎలాగూ నమోదవుతుంది.

4. ఒక్కసారి పెట్టి వదిలేసే సెట్టింగ్‌లు

- సైజు: అన్నిటికంటే పెద్దది, అంటే ఎల్. క్వాలిటీ: ఫైన్. కార్డు మిగుల్తుందని చిన్నది పెట్టొద్దు.
- డిజిటల్ జూమ్: ఆఫ్. అది నిజంగా దగ్గరికి తేదు, మధ్య ముక్కను కోసి సాగదీస్తుంది.
- చెయ్యి వణుకును సరిచేసే స్టెబిలైజర్ ఉంటే: ఆన్.
- ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత సున్నితంగా స్పందించాలో చెప్పే అంకె): ఆటో. గరిష్ఠ పరిమితి పెట్టుకోవచ్చంటే 400. ఇలాంటి కెమెరాల్లో వెలుతురును పట్టుకునే సెన్సర్ చిటికెన వేలి గోరు కంటే చిన్నది. 800 దాటితే ముఖాల మీద ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి.
- ఫైల్ నంబరింగ్: కంటిన్యువస్. దీని సంగతి ఎనిమిదో మెట్టులో.
- బీప్ శబ్దం: నేర్చుకునే దాకా ఆన్‌లోనే ఉంచండి.

5. సగం నొక్కడం

మసక ఫొటోలు వస్తున్నాయన్నవాళ్లను "బటన్ ఎలా నొక్కుతున్నారు?" అని అడుగుతాను. దాదాపు అందరూ ఫోన్ స్క్రీన్ మీద తట్టినట్టు ఒక్కసారి టక్కున నొక్కేస్తున్నారు. ఈ కెమెరా బటన్‌కు రెండు మెట్లున్నాయి. సగం నొక్కితే ఫోకస్ పట్టుకుంటుంది, పూర్తిగా నొక్కితే ఫొటో తీస్తుంది. ఒకేసారి కిందికి నొక్కితే ఫోకస్ పట్టే వ్యవధి దానికి ఉండదు, పైగా కెమెరా మొత్తం కదిలిపోతుంది.

ఇంట్లో ఇలా సాధన చేయండి. కిటికీ గట్టు మీద ఒక స్టీలు చెంబు పెట్టండి. దానికి ఒక మీటరు దూరంలో నిలబడి, రెండు మోచేతులూ పక్కలకు ఆనించి కెమెరాను రెండు చేతులతో పట్టుకోండి. చూపుడువేలిని బటన్ మీద ఆనించి మెల్లిగా బరువు పెంచండి. ఒకచోట బటన్ ఆగినట్టు వేలికి తెలుస్తుంది. లెన్స్ లోపల సన్నగా గిర్రుమంటుంది, పచ్చ గడి వెలుగుతుంది, బీప్ వస్తుంది. వేలు అక్కడే ఆపండి. ఊపిరి సగం వదిలి, మిగతా సగం నొక్కండి. నొక్కాక కూడా ఒక క్షణం కదలొద్దు. ఇలా ఇరవై సార్లు చేస్తే వేలికి అలవాటైపోతుంది.

పచ్చ గడి ఎక్కడ వెలిగిందో చూడండి. చెంబు మీద కాకుండా వెనకున్న గోడ మీద వెలిగితే చెంబు మసగ్గానే వస్తుంది. అప్పుడు ఫోకస్ గడిని మధ్యలో ఒక్కటే ఉండేలా మెనూలో మార్చుకుని, చెంబును మధ్యలోకి తెచ్చి సగం నొక్కి, వేలు వదలకుండా కెమెరాను పక్కకు జరిపి పూర్తిగా నొక్కండి. ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుంటే మధ్య గడి వాళ్లిద్దరి సందులోంచి వెనక గోడను పట్టుకుంటుంది. దానికి మందు కూడా ఇదే, ఒకరి ముఖం మీద పట్టి తర్వాత జరపండి.

గడి పచ్చగా కాకుండా పసుపు రంగులో మెరుస్తుంటే సాధారణంగా రెండు కారణాలు. మరీ దగ్గరగా ఉన్నారు, లేదా వెలుతురు చాలదు. దగ్గరైతే పువ్వు బొమ్మ ఉన్న మాక్రో మోడ్ పెట్టి, జూమ్ పూర్తిగా వెనక్కి తెచ్చి ప్రయత్నించండి. పని అయ్యాక పువ్వు బొమ్మ తీసేయడం మరవొద్దు. తీయకపోతే కెమెరా దూరపు వాటిని పట్టుకోలేక తడబడుతుంది.

పరిగెత్తే పిల్లలను తీయాలంటే పిల్లవాడు ఎక్కడికి వస్తాడో ఆ నేల మీద ముందే సగం నొక్కి సిద్ధంగా ఉండండి. వాడు అక్కడికి రాగానే మిగతా సగం. వెంటపడి తీస్తే ఒక్కటీ దక్కదు.

6. వెలుతురు, ఫ్లాష్

ఈ కెమెరాల ఫ్లాష్ సుమారు మూడు మీటర్ల దూరమే వెళ్తుంది, జూమ్ చేస్తే అదీ ఉండదు. కల్యాణ మండపంలో పదో వరసలో కూర్చుని ఫ్లాష్ కొడితే ముందు వరసవాళ్ల తలలు తెల్లగా, పెళ్లికొడుకు, పెళ్లికూతురు చీకట్లో వస్తారు. ఫ్లాష్ ఆపి మండపం లైట్లకే వదిలేయండి, లేదా లేచి దగ్గరికి వెళ్లండి. జూమ్ చేసినకొద్దీ లెన్స్ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. అందుకే లోపల తీసేటప్పుడు జూమ్ మీట కన్నా మీ కాళ్లే నమ్మకం.

ఫ్లాష్ తప్పనిసరిగా ఆపాల్సినవి:

- హోమం, సాంబ్రాణి. పొగ మీద ఫ్లాష్ పడితే ఫొటో అంతా తెల్లటి తెర కప్పినట్టు వస్తుంది.
- హారతి, దీపాలు. ఆ పసుపు వెలుగే కదా అందం, ఫ్లాష్ దాన్ని చంపేస్తుంది.
- గాజు, స్టీలు సామాన్లు, లామినేషన్ చేసిన పాత ఫొటోలు. కొంచెం పక్కకు జరిగి తీయండి.
- చంటిపిల్లల ముఖానికి దగ్గరగా.

ఇంకోవైపు, ఎండలో ఫ్లాష్ వేయాల్సిన సందర్భం ఒకటుంది. వెనక ఆకాశమో, గోదావరో, కిటికీయో ఉండి ముఖం నల్లగా వస్తుంటే మెరుపు గుర్తును ఆటో నుంచి ఆన్‌కు మార్చి రెండు మీటర్ల దూరం నుంచి తీయండి. ముఖం తేటగా వస్తుంది. పట్టపగలు ఫ్లాష్ ఏంటని పక్కవాళ్లు అంటారు, అననివ్వండి.

ఫ్లాష్ వద్దనుకుంటే ఫొటోలో వెలుతురును పెంచి తగ్గించే ప్లస్ మైనస్ బటన్ ఉంది. ఆటోలో ఇది కొన్ని కెమెరాల్లో పనిచేయదు, పీ అనే మోడ్‌కు మారాలి. తెల్ల గోడ ముందు తెల్ల పంచె కట్టుకున్న తాతయ్యను తీస్తే కెమెరా అంత తెలుపును చూసి వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, గోడ బూడిద రంగులో వస్తుంది. అప్పుడు ప్లస్ 1 పెట్టండి. రాత్రి నల్లటి ఆకాశం ముందు గాలిగోపురం లైట్లు తీస్తే కెమెరా వెలుతురు పెంచేస్తుంది, లైట్లు తెల్లటి ముద్దల్లా వస్తాయి. మైనస్ 1 పెట్టండి. తర్వాత సున్నాకు తేవడం మరవొద్దు.

దీపావళి చిచ్చుబుడ్డికి ఇలా: దూరంగా పిట్టగోడ మీద కెమెరాను కదలకుండా పెట్టండి. ఫ్లాష్ ఆఫ్, ఐఎస్ఓ 80 లేదా 100, లాంగ్ షట్టర్ (ఎక్కువసేపు వెలుతురు లోపలికి రానిచ్చే ఆప్షన్) ఉంటే 2 సెకన్లు, లేకపోతే ఫైర్‌వర్క్స్ మోడ్. సెల్ఫ్ టైమర్ 2 సెకన్లు పెట్టి నొక్కి చెయ్యి తీసేయండి. మీ వేలు కదిలించిన కదలిక రెండు సెకన్లలో సర్దుకుంటుంది. ట్రైపాడ్ లేనివాళ్లకు రాత్రి ఫొటోలన్నిటికీ ఈ టైమరే దిక్కు.

7. అక్కడికక్కడే చూసుకోవడం

వెనకున్న రెండున్నర అంగుళాల తెర మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. నమ్మొద్దు. ప్లే బటన్ నొక్కి, జూమ్ మీటతో కంటి రెప్పల దాకా పెద్దది చేసి చూడండి. రెప్పలు విడివిడిగా కనిపిస్తే ఫోకస్ సరే. ముఖం మసగ్గా ఉండి వెనక గోడ స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది, ఐదో మెట్టు మళ్లీ చేయండి. అంతా ఒకే దిక్కుకు సాగినట్టుంటే చెయ్యి కదిలింది. మనుషులు మాత్రమే సాగి, సామాన్లు బాగుంటే వెలుతురు చాలలేదు, వాళ్లను కిటికీ దగ్గరికి రమ్మనండి.

అంతా లేత మబ్బు పట్టినట్టుంటే లెన్స్ మీద వేలిముద్ర ఉంది. లెన్స్ మీద ఆవిరి పట్టేలా కొద్దిగా ఊది, మెత్తని గుడ్డతో మధ్యలోంచి బయటికి తుడవండి. చొక్కా అంచు, చీర కొంగు వాడొద్దు, వాటిలోని ధూళి గీతలు పెడుతుంది.

బాగోలేవని అక్కడే డిలీట్ చేయడం మాత్రం వద్దు. తొందరలో మంచిది పోతుంది. ఇంటికొచ్చాక పెద్ద తెర మీద తీరిగ్గా చూసి తీసేయొచ్చు.

8. కాపీ చేసుకోవడం

కేబుల్ కన్నా కార్డు రీడర్ మేలు. కేబులే వాడాలంటే చాలా కెమెరాలకు మినీ యూఎస్‌బీ పడుతుంది, కొన్నింటిది ఆ కంపెనీకే ప్రత్యేకం. చార్జింగ్‌కే పనికొచ్చే కేబుళ్లు కూడా ఉంటాయి, వాటితో ఫొటోలు రావు. ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి నేరుగా తెచ్చుకోవాలంటే ఫోన్‌కే తగిలించే ఓటీజీ కార్డు రీడర్ చాలు.

ప్రతిసారీ తేదీ పేరుతో కొత్త ఫోల్డర్ తెరిచి అందులోకే కాపీ చేయండి. కారణం ఇది. కొన్ని కెమెరాలు ఫార్మాట్ చేసిన ప్రతిసారీ నంబర్లను మళ్లీ 0001 నుంచి మొదలుపెడతాయి. ఒకే ఫోల్డర్‌లో వేస్తే "ఇదే పేరుతో ఫైల్ ఉంది, దాని స్థానంలో పెట్టమంటారా?" అని కంప్యూటర్ అడుగుతుంది. అలవాటుగా అవునని నొక్కితే సంక్రాంతి ఫొటోల మీద ఉగాది ఫొటోలు కూర్చుంటాయి. తెలిసినవాళ్లింట్లో ఇలా ఒక బారసాల మొత్తం పోయింది. నాలుగో మెట్టులో కంటిన్యువస్ పెట్టమన్నది ఇందుకే.

కాపీ అయ్యాక కార్డులో ఎన్ని ఉన్నాయో, ఫోల్డర్‌లో ఎన్ని ఉన్నాయో లెక్క సరిచూడండి. మొదటిది, చివరిది, మధ్యలో రెండు తెరవండి. ఇంకోచోట, అంటే పెన్‌డ్రైవ్‌లోనో క్లౌడ్‌లోనో మరో కాపీ ఉంచండి. ఆ తర్వాతే కార్డు ఫార్మాట్.

వాట్సాప్‌లో బంధువులకు పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, కడిగించుకోవాలనుకున్నవాళ్లకు పనికిరాదు.

9. కడిగించేటప్పుడు తలలు తెగకుండా

ఈ కెమెరాల ఫొటో ఆకారం 4:3. స్టూడియోలో కడిగే 4×6 కాగితం 3:2. అంటే పైనా కిందా కొంత కోత పడుతుంది. గ్రూప్ ఫొటోలో వెనక వరసవాళ్ల నుదుళ్లు పోయేది ఇందుకే, స్టూడియోవాళ్ల తప్పు కాదు. మెనూలో 3:2 ఆకారం ఉంటే కడిగించాలనుకున్నవి దాంట్లో తీయండి. లేకపోతే తలల పైనా పాదాల కిందా కొంచెం ఖాళీ వదలండి. 8 మెగాపిక్సెళ్ల ఫొటో 8×10 దాకా నిక్షేపంగా వస్తుంది.

తరచూ ఎదురయ్యే ఇబ్బందులు

*పది ఫొటోలకే మెమరీ నిండిపోయిందంటోంది.* కార్డు సరిగ్గా కూర్చోలేదు, ఫొటోలు కెమెరా సొంత మెమరీలోకి వెళ్తున్నాయి. కార్డును టక్‌మనే దాకా నొక్కండి.

*ఫొటోలో గుండ్రటి తెల్ల బిందువులు.* దెయ్యాలూ కావు, దేవతలూ కావు. లెన్స్ ముందు గాల్లో ఉన్న దుమ్ము, వాన తుంపర మీద ఫ్లాష్ పడి మెరిసింది. ఫ్లాష్ ఆపి తీయండి, పోతాయి.

*లెన్స్ ఎర్రర్ వచ్చి లెన్స్ సగంలో ఆగిపోయింది.* చేత్తో లాగొద్దు, తోయొద్దు. బ్యాటరీ తీసి కాసేపాగి, పూర్తిగా చార్జ్ చేసి మళ్లీ పెట్టండి. లెన్స్ చుట్టూ సందులో ఇసుక ఉంటే మెత్తని బ్రష్‌తో దులపండి. అప్పటికీ రాకపోతే రిపేరుకే. బీచ్‌లో ఇసుక మీద కెమెరాను పెట్టకపోవడమే దీనికి మంచి ఉపాయం.

*పొరపాటున డిలీట్ చేశాను.* వెంటనే కెమెరా ఆపి కార్డు తీసేయండి. కొత్తగా ఒక్క ఫొటో కూడా తీయొద్దు, పాతవాటి మీద రాసేస్తుంది. కంప్యూటర్లో ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వెతికిస్తే చాలాసార్లు దొరుకుతాయి. దొరికినవాటిని అదే కార్డులో సేవ్ చేయొద్దు.

*కొత్త కార్డులో ఫొటోలు తెరుచుకోవడం లేదు.* నకిలీ కార్డు కావచ్చు. మీద 32 అని ఉండి లోపల 4 మాత్రమే ఉండేవి అమ్ముతున్నారు. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో అసలు సైజు తేలుతుంది. ఫంక్షన్‌కు వెళ్లే ముందే పరీక్షించండి.

10. దాచిపెట్టడం

బట్టల బీరువాలో దాచేవాళ్లు నాఫ్తలీన్ ఉండలకు, కర్పూరానికి కెమెరాను దూరంగా ఉంచండి. ఆ ఆవిరి కెమెరాకు మంచిది కాదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో గాలిలో తేమకు లెన్స్ లోపల సాలెగూడు లాంటి బూజు పడుతుంది, పడితే దాన్ని తీయడం మామూలు రిపేరు కాదు. మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, కెమెరాను తోలు సంచీలోంచి బయటికి తీసి పెట్టండి. నెలకోసారి బయటికి తీసి ఆన్ చేసి, లెన్స్ నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించి, రెండు ఫొటోలు తీయండి.

నెలలపాటు వాడనట్లయితే బ్యాటరీ సగం చార్జ్‌తో బయట దాచండి. బ్యాటరీ తీస్తే కొన్నాళ్లకు తేదీ పోతుంది. డబ్బా మూత లోపల చిన్న కాగితం అంటించి దాని మీద "ముందు తేదీ" అని రాసి పెట్టండి. మా డబ్బా మీద అదే రాసి ఉంది.